ఒకే చిరునామాలో రెండు చేతులు

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అక్క ఫోన్ చేసింది. ఇందుమతి అప్పుడే క్యారేజీ విప్పి మొదటి గిన్నె మూత తీస్తోంది.

"ఇందూ, ఖాళీగా ఉన్నావా?" రాజేశ్వరి గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మీ బావ నిద్రపోతన్నాడే. చెయ్యి మాత్రం నిద్రపోట్లేదు."

"అంటే?"

"కదుల్తంది. ఏదో పని చేస్తన్నట్టు కదుల్తంది. పిలిస్తే పలకడు, గురక పెడతన్నాడు. నాకు కాళ్ళాడ్డం లేదు."

"కల వచ్చిందేమో అక్కా. కలలో చెయ్యి ఎత్తాలనుకున్నా పరికరం ఎత్తేస్తుంది. భయపడకు. ఒకసారి వీడియో తీసి పంపు."

మాటైతే ధైర్యంగానే అంది కానీ, గిన్నె మూత మళ్ళీ పెట్టేసింది.

ఆమె బావ పైడిరాజు విశాఖ పోర్టులో క్రేన్ నడిపేవాడు. నాలుగేళ్ళ కిందట క్రేన్ నిచ్చెన మీంచి జారి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని, భుజాల కింద ఒళ్ళంతా చచ్చుబడింది. ఏడాదిన్నరగా కుడి చెయ్యి ఒక్కటీ కదుపుతున్నాడంటే అది ఇందుమతి పనిచేసే పరిశోధన కేంద్రం చలవ. ఋషికొండ మీది ఆ కేంద్రంలో తయారైన పరికరానికి వారధి అని పేరు పెట్టారు. మెదడు మీద గోరంత పలక, చేతి కండరాల్లో బియ్యపు గింజలంతేసి పరికరాలు పన్నెండు, మెడ ఎముక కింద చర్మంలో అగ్గిపెట్టెంత పెట్టె. మనిషి చెయ్యి ఎత్తాలనుకుంటే పలక ఆ ఆలోచనను పట్టుకుని పెట్టెకు చెబుతుంది. పెట్టె గాలిలో సంకేతం పంపుతుంది. చేతిలోని గింజలు దాన్ని అందుకుని కండరాన్ని లాగుతాయి.

పెట్టెలో నడిచే ప్రోగ్రాములన్నిటికీ అడుగున కెర్నెల్ ఉంటుంది. ఏ సంకేతం ఎవరికి చేరాలో తేల్చేది అదే. దానిలో చిరునామాల భాగం మొత్తం ఇందుమతి చేత్తో రాసింది.

వీడియో వచ్చింది. మంచం మీద పైడిరాజు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కుడి చెయ్యి దుప్పటి మీద ఉంది. అయిదు వేళ్ళూ దగ్గరకు వచ్చి, దుప్పటి మీద గుండ్రంగా తిరిగాయి. మెత్తగా దేన్నో నలిపాయి. మళ్ళీ కలిపాయి. చెయ్యి పైకి లేచింది. తన నోటి వైపు రాలేదు. ఎదురుగా, జానెడు ఎత్తులో ఆగింది. అలాగే ఆగి ఉంది, ఎవరో నోరు తెరిచేదాకా ఓపిక పట్టినట్టు. తర్వాత బొటనవేలు ముందుకు జరిగి దేన్నో నెట్టింది.

ఇందుమతి మూడుసార్లు చూసింది. ముద్ద కలిపి ఒక పసిబిడ్డకు అన్నం పెట్టే చెయ్యి అది. పైడిరాజుకు పిల్లలు లేరు. ఎవరికీ అన్నం తినిపించిన అలవాటు కూడా లేదు.

రోగుల పెట్టెలు గంటకోసారి తమ చిట్టాను, గింజలు అందుకున్న ఆదేశాల లెక్కతో సహా, కేంద్రానికి పంపుతాయి. అక్కడి నుంచి చిట్టా చదవగలరే కానీ పెట్టెను ఆపడం, నడపడం కుదరదు. భద్రత కోసం అలా కట్టుదిట్టం చేశారు. రెండింటికి వచ్చిన బావ చిట్టాను ఇందుమతి తెరిచింది. పన్నెండూ నలభై ఒకటికి పెట్టె నిద్రలోకి వెళ్ళింది. తర్వాత మేలుకోలేదు. కలలో అయినా సరే, పైడిరాజు మెదడు నుంచి ఒక్క ఆదేశం కూడా రాలేదు.

చేతిలోని గింజలు మాత్రం పన్నెండూ యాభై రెండు నుంచి పందొమ్మిది నిమిషాల పాటు ఆదేశాలు అందుకుంటూనే ఉన్నాయి. అన్నీ నూట పదిహేడో చిరునామా పేరున వచ్చినవే. ఆ వేళకు బావ చేతి చిరునామా నూట పదిహేడు.

ఏమైందో అప్పటికే ఆమెకు తెలుసు. తెలియనిది ఒక్కటే, ఆ ఆదేశాలు ఇచ్చింది ఎవరన్నది.

పెట్టె మేలుకున్న ప్రతిసారీ కెర్నెల్ చేతికి ఒక కొత్త చిరునామా ఇస్తుంది. ఒకటి నుంచి రెండొందల యాభై నాలుగు దాకా ఉన్న అంకెల్లో ఏదో ఒకటి. ఎప్పుడూ ఒకటే ఉంటే బయటివాడెవడైనా కాచుకుని కూర్చుని ఆ చేతిని ఆడించగలడని అలా మార్చడం. అయితే ఇందుమతి మొదట రాసిన పద్ధతిలో, కెర్నెల్ ఆ చిరునామాను వెంటనే చేతికి ఇచ్చేది కాదు. తాత్కాలికమని గుర్తు పెట్టి, చుట్టూ గాలిలోకి ఒక ప్రశ్న వేసేది: ఈ చిరునామా ఎవరి దగ్గరైనా ఉందా? ఒక సెకను ఆగేది. ఎవరూ పలకకపోతే అప్పుడు ఖాయం చేసేది. ఎవరైనా పలికితే దాన్ని వదిలేసి ఇంకోటి చూసుకునేది.

ఆ సెకను పైడిరాజును చంపుకు తినేది. బ్యాటరీ కోసం, అర నిమిషం ఆదేశం రాకపోతే పెట్టె నిద్రపోతుంది కాబట్టి, రోజుకు నాలుగైదు వందల సార్లు ఆ సెకను ఆగాలి. చెంచా జారుతున్నప్పుడు ఆగాలి. ముక్కు మీద ఈగ వాలినప్పుడు ఆగాలి. కళ్ళెదురుగా గ్లాసు ఒరిగిపోతుంటే చూస్తూ ఆగాలి.

"నా చెయ్యి నాను కదపడానికి ఎవర్నో పర్మిషన్ అడిగినట్టుందమ్మా," అన్నాడు ఒకరోజు, నీళ్ళు ఒలికిన లుంగీ వైపు చూస్తూ. "ఆ సెకను తీసీలేవా?"

అదే వారంలో కేంద్రానికి నిపుణుల బృందం వచ్చే పని పడింది. డైరెక్టరు సోమయాజులు గారు కూడా అదే అడిగారు. "ఇంట్లో ఉండేదే ఒక్క వారధి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళెవరున్నారు ఇందుమతీ? గోడలనా అడుగుతున్నది?"

ఆమెకూ నిజమే అనిపించింది. నాలుగు వరుసలు కొట్టేసింది. మర్నాడు పైడిరాజు ఒక్క మెతుకు కింద పడకుండా తిన్నాడు. రాజేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది జరిగి పదకొండు నెలలు. ఇప్పుడు వారధి పెట్టుకున్నవాళ్ళు ముప్పై ఎనిమిది మంది.

ఇందుమతి లేచి, రోగుల బాగోగులు చూసే ఎస్తేరు గారి గదికి వెళ్ళింది.

"మధురవాడ అపార్ట్‌మెంట్లో మా బావ వాళ్ళ కింద ఎవరుంటారండీ?"

రోజూ ఫిజియోథెరపీ అవసరమైన రోగుల కోసం కేంద్రం అద్దెకు తీసుకున్న భవనం అది. ఎస్తేరు రిజిస్టరు చూడకుండానే చెప్పింది. "రెండొందల నాలుగులోనా? పలాస అమ్మాయి. ఢిల్లేశ్వరి. వచ్చి ఇరవై రోజులైంది. జీడిపప్పు బట్టీలో పనిచేసేది, ఆటో బోల్తాపడి మెడ విరిగింది. పాపం, ఆ పిల్ల సంగతి నీకు తెలీదా?"

"ఏమైంది?"

"రెండేళ్ళ కూతురుంది, లాస్య. పోయిన గురువారం ఆ బిడ్డ మణికట్టు నులిమేసింది. ఎముక చిట్లింది. అత్తగారు వచ్చి లాగినా వదల్లేదట. కౌన్సెలరు గారు మాట్లాడారు. మంచాన పడ్డ కోపం లోపల పేరుకుపోయి అలా బయటపడుతుందని రాశారు. బిడ్డను ఊరు పంపించేశారు. ఇవాళే మళ్ళీ తీసుకొచ్చారు, తల్లి చేత్తో అన్నం పెట్టించి చూద్దామని."

ఇందుమతి రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. "గురువారం ఎన్నింటికి?"

"సాయంత్రం నాలుగు దాటాక."

ఆమె తన గదికి తిరిగి వచ్చింది. రెండు చిట్టాలనూ పక్కపక్కన పెట్టింది. ఈ రోజు పన్నెండూ యాభై రెండు: ఢిల్లేశ్వరి చేతి చిరునామా నూట పదిహేడు. గురువారం నాలుగూ పది: ఢిల్లేశ్వరి చెయ్యి అరవై మూడు. పైడిరాజు చెయ్యి అరవై మూడు. నాలుగూ పదికి పైడిరాజు ఏం చేస్తున్నాడో ఆమె వెతకనక్కర్లేదు. రోజూ నాలుగింటికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి అతని చేతిలో రబ్బరు బంతి పెట్టి, పట్టు పెరగడానికి గట్టిగా నొక్కిస్తుంది.

ఇద్దరి మంచాలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మధ్య ఒక్క స్లాబు. పదడుగులు. పెట్టె సంకేతం దాటగలిగిన దూరమే.

ఇరవై రోజుల చిట్టా తిరగేస్తే ఇలాంటివి ఇరవై తొమ్మిది దొరికాయి. ఎక్కువ భాగం కొన్ని క్షణాలు. ఎవరి చెయ్యో ఊరికే ఉలిక్కిపడి ఉంటుంది. అంతే.

సోమయాజులు గారు ఆమె చెప్పింది విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ రోజు కూర్చుని సరిచేద్దాం. ఆ ప్రశ్న మళ్ళీ పెట్టేద్దాం," అన్నారు. "ఆ అమ్మాయికి చెప్పే విషయం... తొందరపడకు. ఒక్క మాట బయటికి పొక్కితే ప్రయోగం ఆపేస్తారు. ముప్పై ఎనిమిది మంది చేతులు పోతాయి. మీ బావది కూడా."

ఆయన వెనక గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ఢిల్లేశ్వరి బిడ్డ ఇంకా అక్కడే ఉంది. ఇంకో ఇరవై నిమిషాల్లో పైడిరాజు చేతిలో బంతి పెడతారు.

ఇందుమతి బయటికి నడిచింది, వసారాలోకి వచ్చాక పరుగెత్తింది.

అక్కకు ఫోన్ చేసింది. మోగింది కానీ తియ్యలేదు. స్కూటర్ తీస్తూ మళ్ళీ చేసింది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చే వేళకు అక్క వంటింట్లో ఫోన్ ఛార్జింగుకు పెట్టి టీ కాస్తుంది. ఫోన్ మోగకుండా చేసి పెడుతుంది, బావకు చిరాకని. ఎస్తేరుకు చేస్తే ఆమె ఢిల్లేశ్వరి అత్తగారి నంబరు వెతుకుతానంది.

దారిలో ఆమె మనసు లెక్కలు వేస్తూనే ఉంది. రెండొందల యాభై నాలుగింటిలో ఒక్కటి. ఏమీ జరగకపోవడానికే అవకాశం ఎక్కువ. మళ్ళీ వెంటనే, రోజుకు అయిదు వందల సార్లు. ఆ లెక్క ఆమెకు ఏ ఊరటా ఇవ్వలేదు. కార్ల మధ్య నుంచి దూరుతుంటే ఎవరో తిట్టారు. చేతులు హ్యాండిల్ మీద ఉన్నాయి. వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. వాటి వైపు చూడలేకపోయింది.

అపార్ట్‌మెంటు చేరేసరికి నాలుగూ అయిదు. లిఫ్టు పైనెక్కడో ఉంది. మెట్లు ఎక్కింది. రెండో అంతస్తులో రెండొందల నాలుగు తలుపు దగ్గర ఆగిపోయింది. లోపల చిన్నపిల్ల గొంతు ఏదో పాడుతోంది. తలుపు తట్టబోయింది. తట్టి ఏం చేస్తుంది? ఆపాల్సిన చెయ్యి పైన ఉంది. పెట్టెను ఆపే అయస్కాంతం బిళ్ళ బావ మంచం తలాపిన మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఆమె మళ్ళీ మెట్లెక్కింది.

"నొక్కండి, ఇంకా," అంటోంది ఫిజియోథెరపీ అమ్మాయి. పైడిరాజు పళ్ళు బిగించి బంతి వైపు చూస్తున్నాడు. నీలం బంతి అతని వేళ్ళ మధ్య సగానికి సగం అణిగి ఉంది.

"బావా, వదిలెయ్. వదిలెయ్ ముందు."

అతను తెల్లబోయి చూశాడు. ఇందుమతి బిళ్ళ అందుకుని అతని మెడ ఎముక కింద ఆనించింది. పెట్టె సన్నగా కూసి ఆగిపోయింది. వేళ్ళు విడిపోయాయి. బంతి దొర్లి మంచం కిందికి పోయింది.

ఆమె నేల మీద కూర్చుండిపోయి చెవి ఒగ్గింది. కింద ఏడుపు లేదు. పాట వినిపిస్తోంది.

రాజేశ్వరి టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏటే ఇది? ఏటైంది?"

ఇందుమతి చెప్పింది. ఏదీ దాచలేదు. నాలుగు వరుసలు కొట్టేసిన సంగతి, కింద ఇంట్లో బిడ్డ సంగతి, గురువారం నాలుగూ పది సంగతి. చెప్తుంటే పైడిరాజు కళ్ళు నెమ్మదిగా పెద్దవయ్యాయి.

"గురువారం నాకు తెలుసు," అన్నాడు. "ఆ రోజు బంతి నొక్కతంటే చెయ్యి దానంతటదే తెరుచుకుపోతంది. మళ్ళీ మూస్తే మళ్ళీ తెరుచుకుంటంది. పట్టు తగ్గిపోతందనుకున్నాను. భయమేసి ఇంకా బలంగా నొక్కీసేను. ఈ అమ్మాయి కూడా అడిగింది, ఎందుకండీ వదిలేస్తన్నారని."

ఫిజియోథెరపీ అమ్మాయి చేత్తో నోరు మూసుకుంది.

"ఆ తెరిసింది ఆ తల్లేనా ఇందూ? బిడ్డని వదిలీడానికేనా?"

ఇందుమతి తల ఊపింది.

పైడిరాజు కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. రాజేశ్వరి కొంగుతో తుడిచింది. తుడుస్తూ, చెల్లెలి వైపు చూడకుండా అంది: "తీసీమని అడిగింది మేవే కదే. నువ్వొక్కత్తివే కాదు."

"రాసింది నేను అక్కా."

కింద తలుపు ఢిల్లేశ్వరి అత్తగారు దమయంతి తీసింది. లోపల మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టిన మనిషికి ఇరవై ఆరేళ్ళుంటాయి. ఆమె కుడి చెయ్యి మంచం కమ్మీకి తువ్వాలుతో కట్టేసి ఉంది. మూడు ముడులు. గదికి అవతలి మూల చేతికి పిండికట్టుతో చిన్నపిల్ల స్టీలు గిన్నెలు పేర్చుకుంటోంది.

ఇందుమతి ఆ తువ్వాలు వైపు చూడటం దమయంతి గమనించింది. "నాను కట్టనేదమ్మా. అదే కట్టీమంది. కట్టితే గాని పిల్లని గదిలోకి రానివ్వదు. మజ్జానం అన్నం పెట్టినప్పుడు కూడా దాని మణికట్టు నా రెండు చేతుల్తోనూ పట్టుకుని పెట్టించేను."

"డాక్టరమ్మా," అంది ఢిల్లేశ్వరి. ఆమె గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. "ఈ చెయ్యి తీసీండి. నాకొద్దు. నాలో ఏదో ఉంది. నాకు తెలీకుండా ఉంది."

"మీలో ఏమీ లేదు." ఇందుమతి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "నేను డాక్టర్ని కాదు. ఆ పెట్టెలో ప్రోగ్రాము రాసినదాన్ని. ఆ రోజు బిడ్డ చెయ్యి నలిపింది మీరు కాదు. పై అంతస్తులో మా బావ ఉన్నాడు. ఆయన బంతి నొక్కుతున్నాడు. ఆయన చేతికి వెళ్ళాల్సిన మాట మీ చేతికి కూడా వచ్చింది. రెండు చేతులకూ ఒకే చిరునామా పడింది. పడకుండా చూసుకునే ఏర్పాటు ఒకటి ఉండేది. దాన్ని నేను తీసేశాను."

ఢిల్లేశ్వరి కట్టేసిన చేతి వైపు చూసింది.

"నాను వదులు వదులు అంటన్నాను. అది బిగిస్తంది."

"తెలుసు. మీరు తెరిచారు. మీరు తెరిచినప్పుడల్లా పైన ఆయన చెయ్యి తెరుచుకుంది. చిట్టాలో నలభై సార్లు ఉంది. నలభై సార్లు మీరు వదలడానికి చూశారు."

అప్పుడు ఆమె ఏడ్చింది. శబ్దం లేకుండా, నోరు తెరుచుకుని. దమయంతి గోడ పట్టుకుని కూలబడింది. "నానేటన్నాను దాన్ని," అని తనలో తను అనుకుంది. "రాచ్చసి అన్నాను. అందరి ముందర అన్నాను."

కొంతసేపటికి ఢిల్లేశ్వరి ఊపిరి తిప్పుకుంది. "మా వీధంతా అనుకుంటన్నారు, కన్నకూతుర్ని నులిమీసిందని. మా ఆయన చెన్నై నుంచి ఫోన్ చెయ్యడం మానీసేడు. ఇప్పుడు మీరు చెప్పింది వాళ్ళకెవరు చెప్తారు?"

"నేనే వస్తాను. వచ్చి చెప్తాను."

ఢిల్లేశ్వరి పెట్టెను ఆపి ఇందుమతి బయటికొచ్చింది. మెట్ల మీద కూర్చుని, ఫోన్లోనే నివేదిక రాసింది. తన పేరు రాసింది. తేదీ రాసింది. కొట్టేసిన నాలుగు వరుసలూ ఉన్నవి ఉన్నట్టు రాసింది. సోమయాజులు గారికీ, ప్రయోగాలకు అనుమతిచ్చే సంఘానికీ ఒకేసారి పంపేసింది. అరగంటలో కేంద్రం నుంచి ముప్పై ఎనిమిది ఇళ్ళకూ ఫోన్లు వెళ్ళాయి, పెట్టెలు ఆపేయమని.

సోమయాజులు గారు ఆమెతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక ఉదయం వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, కొత్త ప్రతిని తనూ వరుస వరుసా చదివారు. ప్రశ్న తిరిగి వచ్చింది. ఆగడం తిరిగి వచ్చింది. పరీక్షల్లో రెండు పెట్టెలను పక్కపక్కన పెట్టి, కావాలని ఒకే అంకె ఇచ్చి చూశారు. వేల సార్లు చూశారు. రెండోది ప్రతిసారీ తప్పుకుంది. సంఘం ఒప్పుకుంది. మూడు వారాల తర్వాత ముప్పై ఏడు మంది మళ్ళీ పెట్టెలు నడుపుకున్నారు. పైడిరాజు వద్దు వద్దంటూనే, రాజేశ్వరి బతిమాలితే ఒప్పుకున్నాడు. ఆగిందల్లా ఢిల్లేశ్వరి ఒక్కతే. ఆమె ఊరెళ్ళిపోయింది.

పలాసలో ఇందుమతి రైలు దిగేసరికి ఉదయం తొమ్మిది. బట్టీల పొగ వాసన వీధి వీధినా ఉంది. జీడిపిక్కల నూనె ఘాటుకు కళ్ళు మండాయి. దమయంతి వీధిలో వాళ్ళందరినీ పిలిచి ఉంచింది. ఢిల్లేశ్వరి భర్త కూడా వచ్చి ఒక స్తంభానికి ఆనుకుని తల దించుకుని నిలబడ్డాడు. పాతికమంది ఉంటారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. పిక్కలు ఒలిచి ఒలిచి వాళ్ళ వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి.

ఇందుమతి నిలబడే చెప్పింది. చిరునామాలంటే వాళ్ళకు కొత్త కాదు; ఒకే తలుపు నంబరు రెండిళ్ళకు పడితే ఒకరి ఉత్తరం ఇంకొకరికి వెళ్ళినట్టే అయిందని చెప్పింది. ఢిల్లేశ్వరి నలభై సార్లు వదలడానికి చూసిందని చెప్పింది. బావా, ఆయన పెట్టే నిద్రలో ఉండగా, ఢిల్లేశ్వరి బిడ్డకు పెట్టిన ముద్దకు ఆయన చెయ్యి కదిలిన సంగతి కూడా చెప్పింది.

ఒక ముసలామె అడిగింది: "అయితే తప్పు నీదే గదమ్మా?"

"నాదేనమ్మా."

క్షమించామని ఎవరూ అనలేదు. ఒక్కొక్కరూ లేచి వెళ్ళేటప్పుడు వసారాలో మంచం మీదున్న ఢిల్లేశ్వరి దగ్గర ఆగి, తల నిమిరి వెళ్ళారు.

అందరూ వెళ్ళాక ఇందుమతి సంచిలోంచి చిన్న పరికరం తీసింది. "కొత్త ప్రతి తెచ్చాను. ఇప్పుడు ముందే అడుగుతుంది. ఈ చిరునామా ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగి, ఆగి, జవాబు రాకపోతేనే తీసుకుంటుంది."

"జవాబు చెప్పీది ఏది? చెయ్యా, పెట్టా?"

"పెట్టె."

"మరి ఆ పెట్టె నిద్దరోతే?"

ఇందుమతి పరికరాన్ని మంచం మీద పెట్టింది.

"మీ బావగారు నిద్దరోతంటే నాను నా కూతురికి అన్నం పెట్టేను. ఆయన చెయ్యి కదిలిందని మీరే అన్నారు. అప్పుడు ఆయన పెట్టె కూడా నిద్దర్లోనే ఉందన్నారు," అంది ఢిల్లేశ్వరి నెమ్మదిగా, లెక్క చూసుకుంటున్నట్టు. "అలాటప్పుడు నాది అడిగినా ఆయనది పలకదు గదా. పలకలేదు గదాని నాది తీసీసుకుంటాది."

పరీక్షల్లో రెండు పెట్టెలూ ఎప్పుడూ మేలుకునే ఉన్నాయి. తను, ఒక డైరెక్టరు, ఒక సంఘం. నిద్రపోయే పెట్టె సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ నాలుగు వరుసలు కొట్టెయ్యక ముందు కూడా ఈ లోపం ఉంది. తను రాసిన మొదటి రోజు నుంచీ ఉంది. ఇప్పుడు ముప్పై ఏడు చేతులు దానితోనే నడుస్తున్నాయి. ఎవరో స్టవ్ దగ్గర ఉంటారు. ఎవరో బిడ్డను ఎత్తుకుని ఉంటారు.

వీధిలోకి పరుగెత్తి సోమయాజులు గారికి ఫోన్ చేసింది. "అన్నీ ఆపించండి సార్. ఇప్పుడే. నిద్రలో ఉన్న పెట్టె జవాబు చెప్పదు. చెయ్యి మాత్రం వింటూ ఉంటుంది."

సోమయాజులు గారు అడిగారు: "ఎవరు పట్టుకున్నారు?"

"ఢిల్లేశ్వరి."

"ఆపిస్తున్నాను," అన్నారు ఆయన. ఆ గొంతు ఒక్కసారిగా ముసలిదైపోయింది.

తర్వాత అక్కకు చేసింది. ఈసారి మొదటి మోతకే తీసింది. బిళ్ళ ఆనించమని చెప్పగానే రాజేశ్వరి ఎందుకని అడగలేదు. "అన్నం తింటన్నాడే. ఈ ముద్ద తిననీ," అంది. వెంటనే, "లేదులే. ఆపీసేను," అంది. వెనక నుంచి చెంచా కంచంలో పడిన చప్పుడు వచ్చింది.

సంచి కోసం ఇందుమతి వసారాలోకి తిరిగి వచ్చింది. కొత్త ప్రతి ఉన్న పరికరం మంచం మీద పెట్టినచోటే ఉంది. దమయంతి లోపల ఎసరు పెడుతోంది. ఢిల్లేశ్వరి కళ్ళు మూసుకుని ఉంది. పిండికట్టు విప్పిన చేత్తో లాస్య మంచం కోడు పట్టుకుని పైకి పాకింది. తల్లి పక్కన చోటు చేసుకుని పడుకుంది. చచ్చుబడిన ఆ కుడి చేతిని రెండు చేతులా ఎత్తి, బరువుకు కాస్త ఆయాసపడి, తన మెడ చుట్టూ వేసుకుంది.

పెట్టె ఆగిపోయి నెల రోజులైంది. అందులో సంకేతం లేదు, చిరునామా లేదు. అది ఇందుమతికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అయినా బిడ్డ గొంతు మీదున్న ఆ అయిదు వేళ్ళ మీంచి ఆమె చూపు తిప్పుకోలేకపోయింది. బిడ్డ నిద్రపోయేదాకా, సంచి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.